మన పల్లెలో పిల్లలకున్న ఆసరా – అంగన్‌వాడీ నుంచి హాస్టల్ దాకా



వార్షికోత్సవ సంచికకు వ్యాసం పంపమని కబురు వచ్చినప్పుడు, "పోటీ పరీక్షల గురించి రాయండి, పిల్లలకు పనికొస్తుంది" అన్నారు. డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు పరీక్షల గురించి చెప్పేవాళ్ళు మనకు చాలామందే ఉన్నారు. ఆ పరీక్షల దాకా రావడానికి ముందు ఒక పిల్లవాడు బతకాలి, ఎదగాలి, బడిలో నిలబడాలి. అందుకు మన ఊళ్ళలో ఏ ఏర్పాట్లు ఉన్నాయో, అవి ఎక్కడ తెగిపోతున్నాయో చెప్పేవాళ్ళు తక్కువ. మేము పీజీలో సోషల్ వర్క్ చదివాం. ఫీల్డ్ వర్క్ కింద రెండేళ్ళు గోదావరి జిల్లాల పేటల్లో, లంకల్లో తిరిగాం. అక్కడ నేర్చుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం. ఇందులో 'మేము' అన్న చోట ఒకచోట మా అన్నాచెల్లెళ్ళం, ఒకచోట మా హాస్టల్ బ్యాచ్, ఒకచోట మా పీజీ మిత్రులం అని అర్థం చేసుకోండి. ఏదీ ఒక్కరి అనుభవం కాదు.

మా ఇంటి సంగతి

మా ఇంట్లో డిగ్రీ పాసైనది మా తరమే మొదలు. మా పేట కోనసీమలో ఏటిగట్టు దిగువన ఉంటుంది. నాన్న జబ్బుతో పోయిన ఏడాదికి, ఆ మందుల అప్పు తీర్చడానికి అమ్మ కువైట్ వెళ్ళింది. అప్పటికి మాకు అయిదేళ్ళు, చెల్లికి రెండేళ్ళు. మమ్మల్ని మామ్మ పెంచింది. మామ్మ నాట్లకు, కలుపులకు, కోతలకు వెళ్ళాలి. పొద్దున్నే చద్దన్నం పెట్టి మా ఇద్దరినీ అంగన్‌వాడీలో దింపి వెళ్ళిపోయేది. అంగన్‌వాడీ మధ్యాహ్నానికి మూసేస్తారు. మామ్మ వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. ఆ మధ్య నాలుగు గంటలు ఎవరు చూడాలి?

ఆయమ్మ చూసేది. కేంద్రానికి తాళం వేసి, మా ఇద్దరినీ వాళ్ళ ఇంటి అరుగు మీద పడుకోబెట్టుకునేది. ఆమెకు అలా చెయ్యమని ఏ ఆర్డరూ లేదు. దానికి జీతమూ లేదు.

ఒకరోజు టీచరమ్మగారు చెల్లి కార్డు పట్టుకుని ఇంటికి వచ్చారు. మూడు నెలలుగా చెల్లి బరువు పెరగలేదు. మామ్మ తేలిగ్గా తీసేసింది. "ఆడపిల్ల కాస్త సన్నంగా ఉంటే ఏమవుద్దమ్మా?" అంది. "సన్నం సంగతి కాదు పిన్నీ, గీత ఆగిపోయింది చూడు" అని టీచరమ్మగారు కార్డు చూపించారు. మామ్మకు చదువు రాదు. కానీ గీత ఆగిపోవడం కంటికి కనిపించింది. మర్నాడు కూలి మానుకుని చెల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ చెల్లి ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది.

ఇంకో మాట. మమ్మల్ని 3వ తరగతిలో ఈ హాస్టల్లో వేసింది ఎవరనుకున్నారు? అంగన్‌వాడీ టీచరమ్మగారే. కుల ధ్రువీకరణ పత్రం కోసం మామ్మను వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్ళింది ఆవిడే. దరఖాస్తు నింపింది ఆవిడే. లెక్క ప్రకారం ఆరేళ్ళు నిండాక మేము ఆవిడ బాధ్యత కాదు. అయినా మా చెయ్యి వదలకుండా తీసుకొచ్చి ఇంకో చేతికి అప్పగించారు. మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఈ అప్పగింత గురించే. సేవలు చాలానే ఉన్నాయి. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే చోటే పిల్లలు జారిపోతున్నారు.

ఈ నేల మీద పాత ఆసరా

కోనసీమ వాళ్ళకు డొక్కా సీతమ్మగారి పేరు చెప్పనక్కర్లేదు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా ఏరు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన తల్లి. వైనతేయ పాయ మీద గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరు పెట్టింది.

హాస్టల్ పిల్లలమైన మనం తెలుసుకోవలసిన ఇంకో పేరు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. పిఠాపురం మహారాజావారి సాయంతో కాకినాడలో అనాథ శరణాలయం, దళిత బాలబాలికలకు వసతి గృహం నడిపించారు. మన పిల్లలను బడి గడప ఎక్కనివ్వని రోజుల్లో, వాళ్ళకు చదువుతోపాటు తిండీ పడకా కూడా కావాలని గుర్తించినవారు ఆయన. మన హాస్టళ్ళ వెనుక ఉన్నది ఆ ఆలోచనే.

వీళ్ళందరికీ నమస్కరించాలి. అయితే ఒక తేడా గమనించాలి. దాత పెట్టే అన్నం దాత మనసును బట్టి, దాత ఆయుష్షును బట్టి ఉంటుంది. చట్టం ఇచ్చేది హక్కు. హక్కును అడిగి తీసుకోవచ్చు. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదని ప్రశ్నించవచ్చు.

అంగన్‌వాడీ అంటే ఉప్మా పెట్టే చోటు మాత్రమేనా?

సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, అంటే మనం ఐసీడీఎస్ అని పిలిచే పథకం, 1975 అక్టోబరు 2న దేశమంతటా కలిపి 33 ప్రాజెక్టులతో మొదలైంది. 2025తో యాభై ఏళ్ళు నిండాయి. అమెరికాలో పేద పిల్లల కోసం 'హెడ్ స్టార్ట్' అనే ఇలాంటి పథకం 1965లో వచ్చింది. మనది పదేళ్ళ తర్వాత వచ్చినా, కడుపులో బిడ్డ నుంచి ఆరేళ్ళ దాకా, తల్లిని కూడా కలిపి చూస్తుంది. ఇందులో ఆరు సేవలున్నాయి:

1. అనుబంధ పోషకాహారం: ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు.
2. పూర్వ ప్రాథమిక విద్య: మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటలతో చదువు.
3. టీకాలు: ఏఎన్ఎం ద్వారా.
4. ఆరోగ్య పరీక్షలు: బరువు, ఎత్తు, గర్భిణుల పరీక్షలు.
5. పై ఆసుపత్రికి పంపడం.
6. తల్లులకు పోషణ, ఆరోగ్యం గురించి చెప్పడం.

మనలో చాలామందికి మొదటిదే తెలుసు. గుడ్లు ఇచ్చారా, పాలు ఇచ్చారా అన్నదాని మీదే తగాదాలు. మిగిలిన అయిదింటి గురించి అడిగేవాళ్ళు అరుదు.

రెండు సంగతులు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పేట గానీ, వాడ గానీ అడిగితే మూడు నెలల్లోగా కేంద్రం పెట్టాలని చెప్పింది. రెండు, 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంతో ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా అంగన్‌వాడీ ఆహారం, ఆ పైన 14 ఏళ్ళ దాకా బడి భోజనం పిల్లల చట్టబద్ధ హక్కు అయ్యాయి. ప్రభుత్వాలు మారితే పథకాల పేర్లు మారుతుంటాయి. పేరు మారిందని మన ఇళ్ళల్లో చాలామంది పథకమే పోయిందనుకుంటారు. అందుకని పేరు కాకుండా సేవను గుర్తుపెట్టుకోవాలి. పేరు ఏదైనా ఆ చట్టం ఉంది.

ఎదుగుదల కార్డు చదవడం

హాస్టల్లో 8, 9 తరగతులు చదివే ఎవరైనా గ్రాఫు చదవగలరు. తల్లీబిడ్డల కార్డులో ఉన్నది గ్రాఫే. అడ్డంగా వయసు నెలల్లో, నిలువుగా బరువు కిలోల్లో. ఆడపిల్లలకు గులాబీ రంగు పేజీ, మగపిల్లలకు నీలం రంగు పేజీ. ఆకుపచ్చ పట్టీలో చుక్క పడితే బరువు సరిపోయింది. పసుపులో పడితే తక్కువ. నారింజలో పడితే చాలా తక్కువ.

కానీ రంగు కన్నా గీత ఎటు పోతోందన్నది ముఖ్యం. ఆకుపచ్చలోనే ఉన్నా రెండు మూడు నెలలు గీత పైకి వెళ్ళకుండా అడ్డంగా సాగితే అది హెచ్చరిక. మా చెల్లికి జరిగింది అదే. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు లేకపోతే బరువు తక్కువ బిడ్డ అంటారు. మామూలుగా బిడ్డ బరువు అయిదో నెలకు రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు అవుతుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు దండచేయి చుట్టుకొలత కూడా టేపుతో తీస్తారు. అది పదకొండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

"మనది అన్నపూర్ణ లాంటి నేల, ఇక్కడ పిల్లలకు తిండి తక్కువేమిటి?" అని కొందరు అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో వందకు 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. అంతకుముందు 2015–16 సర్వేలోనూ దాదాపు అంతే. పండించే చేతులకూ పెట్టే చేతులకూ మధ్య టైము దొరకదు. నాట్ల రోజుల్లో తల్లి తెల్లవారుజామున వెళ్తుంది. రెండేళ్ళ బిడ్డకు రోజుకు అయిదారు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. పెట్టేవాళ్ళు ఎవరు? ఇంట్లో బియ్యం ఉన్నా బిడ్డ బరువు తగ్గేది ఇలాగే.

డెల్టాలో ప్రత్యేకమైన కష్టాలు

మొదటిది, గల్ఫ్ ప్రయాణాలు. నరసాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు పేటల్లో కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళిన అమ్మలు లేని వీధి ఉండదు. అక్కడ వాళ్ళు ఒకరి పిల్లలను పెంచుతుంటే, ఇక్కడ వాళ్ళ పిల్లలను మామ్మలు పెంచుతున్నారు. ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళకు, పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ అనుమతి అవసరమైన వాళ్ళకు, 30 ఏళ్ళు నిండాలని నియమం ఉంది. మా అమ్మకు నిండలేదు. ఏజెంటు ఆమె వయసు ఆరేళ్ళు ఎక్కువ రాయించాడు. ఆ ఆరేళ్ళ తేడా ఇప్పటికీ మా అమ్మ కాగితాల్లో ఒకచోట ఒకలా, ఒకచోట ఒకలా ఉంది. ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు దాని గురించే ప్రశ్న.

వెళ్ళక తప్పని వాళ్ళకు మేము చెప్పేది: రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్ళండి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం జిరాక్సులు ఇంట్లో ఉంచండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల బీమా ఉంది. ఆ కాగితం ఇంట్లో ఉందో లేదో చూడండి. అక్కడ కష్టం వస్తే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇంటివాళ్ళు ఫిర్యాదు పెట్టవచ్చు. అన్నిటికన్నా ముందు, బిడ్డను ఎవరి దగ్గర వదులుతున్నారో వాళ్ళ పేరు, ఫోన్ నంబరు అంగన్‌వాడీలోనూ, బడిలోనూ, హాస్టల్లోనూ రాయించి వెళ్ళండి.

రెండోది, చెరువుల మీద కాపురాలు. చేపల చెరువు, రొయ్యల చెరువు కాపలాకు కుటుంబం మొత్తం గట్టు మీద పాక వేసుకుని ఉంటుంది. ఊళ్ళో అంగన్‌వాడీలో పేరుంటుంది, పిల్లవాడు ఉండడు. చెరువు దగ్గర పిల్లవాడుంటాడు, పేరుండదు.

మూడోది, వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్ళిందని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జూలైలో మళ్ళీ పాతిక లక్షలు దాటింది. లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటప్పుడు టీకా తప్పిపోతుంది, ఆహారం ఆగిపోతుంది, కార్డు తడిసి పోతుంది. పట్టా కాగితాలు, రేషన్ కార్డు పాలిథీన్ కవర్లో పెట్టుకున్నట్టే పిల్లల టీకాల కార్డునూ పెట్టుకోవాలి.

వెనక్కి రాని మిత్రుడు

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాం. మా బ్యాచ్‌లో ఒకడు ఉండేవాడు. పేరు రాయడం లేదు. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. వాళ్ళ నాన్న లేరు, అమ్మ మస్కట్‌లో. మామయ్య ఇంట్లో ఉండేవాడు. 8వ తరగతిలో సంక్రాంతి సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు.

వాడి ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు మా గదిలోనే ఉన్నాయి. వార్డెన్‌గారు రెండుసార్లు కబురు పంపారు. ఒంట్లో బాగాలేదని జవాబు వచ్చింది. నిజం మాకు తెలుసు. వాడు రొయ్యల చెరువు మీద కాపలాకు, మేత వెయ్యడానికి కుదిరాడు. ఎవరికీ చెప్పొద్దని మా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. మేము ఆ ఒట్టు నిలబెట్టుకున్నాం. అదేదో స్నేహధర్మం అనుకున్నాం. వేసవి సెలవుల ముందు వాళ్ళ మామయ్య వచ్చి పెట్టె తీసుకుపోయాడు.

వాడికప్పుడు పదమూడేళ్ళు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లవాడు బడిలో ఉండాలి. అంగన్‌వాడీ టీచరుకు వాడు ఆరేళ్ళు దాటినవాడు. బడి దృష్టిలో హాస్టల్ పిల్లవాడు. హాస్టల్ దృష్టిలో సెలవులకు ఇంటికెళ్ళినవాడు. ఇంటి దృష్టిలో పనికొచ్చినవాడు. అందరి పుస్తకాల్లోనూ వాడి పేరు ఉంది. వాడు మాత్రం చెరువు గట్టు మీద ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన వాళ్ళం మేమొక్కళ్ళమే. 1098కి ఒక ఫోన్ చేస్తే సరిపోయేదని మాకు పీజీకి వచ్చాక గానీ తెలియలేదు.

ఏ పనికి ఏ తలుపు తట్టాలి?

మాకు అప్పుడు తెలియనివి మీకు ఇప్పుడు తెలియాలి.

1098: ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉచిత ఫోన్ నంబరు. 1996లో ముంబయిలో మొదలైంది. 2023 నుంచి ప్రభుత్వ యంత్రాంగమే దీన్ని నడుపుతోంది. పనిలో పెట్టినా, కొట్టినా, పెళ్ళి చేస్తున్నా, తప్పిపోయినా చెప్పవచ్చు. పిల్లలే స్వయంగా చెయ్యవచ్చు.

బాలల సంక్షేమ సమితి: 2015 బాల న్యాయ చట్టం కింద జిల్లాలో ఉంటుంది. చూసే దిక్కులేని పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునే అధికారం దీనిది.

స్పాన్సర్‌షిప్: చాలామందికి తెలియని సాయం ఇది. తండ్రి పోయి తల్లి ఒంటరిగా పెంచుతున్న పిల్లలు, అమ్మానాన్నలు లేక బంధువుల దగ్గర ఉన్న పిల్లలు, ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్ళ పిల్లలు, ఇలాంటి వారికి మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. 2022 మార్గదర్శకాల ప్రకారం కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. మా మిత్రుడిలాంటి పిల్లవాడికి ఇలాంటి సాయం అంది ఉంటే చెరువు పనికి పోయేవాడా? మేము చాలాసార్లు అనుకుంటాం.

బడి: మధ్యలో మానేసిన పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని గానీ, పుట్టిన తేదీ పత్రం లేదని గానీ వెనక్కి పంపకూడదు. ఇది విద్యాహక్కు చట్టంలోనే ఉంది. బడి మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి.

ఊళ్ళో మనుషులు: అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, గ్రామ సచివాలయంలో సంక్షేమ సహాయకులు, మహిళా పోలీసు. డ్వాక్రా సంఘం సమావేశం కూడా మంచి చోటే. అక్కడ అమ్మలందరూ ఒకేసారి దొరుకుతారు. అప్పు వాయిదాతో పాటు పిల్లల బరువు గురించి కూడా ఒక మాట అడిగించవచ్చు.

ఊరు మారినవాళ్ళు: ఏ ఊరు వెళితే ఆ ఊరి అంగన్‌వాడీలో బిడ్డ పేరు మార్పించుకోవచ్చు. 2021 నుంచి వాడుతున్న పోషణ్ ట్రాకర్‌లో ఆ వీలు ఉంది. బిడ్డకు ఆధార్ లేకపోయినా తల్లి ఆధార్‌తో నమోదు చేస్తారు.

వాళ్ళ కష్టం కూడా చూద్దాం

ఇదంతా నడిపేది ఎవరు? మన పేటల్లోని ఆడవాళ్ళే. 2019లో అంగన్‌వాడీ టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలకు గౌరవ వేతనం పెంచారు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రమంతటా వాళ్ళు సమ్మె చేశారు. వేతనం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని అడిగారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25నే తీర్పు చెప్పింది. సమ్మె రోజుల్లో మా పేటలో తల్లులు కూలికి వెళ్ళలేక, పిల్లలను చంకనేసుకుని చేల గట్ల మీద కూర్చోబెట్టుకున్నారు. ఆ కేంద్రం తలుపు మూసుకున్నాకే అది ఎంత పని చేస్తోందో అందరికీ తెలిసింది. టీచరమ్మ రిజిస్టర్లు, ఫోన్లో ఫొటోలు, సర్వేలు, మీటింగులు అన్నీ చూసుకుంటూ మళ్ళీ పిల్లలకు పాటలు నేర్పాలి. తప్పు కనిపిస్తే అడుగుదాం. అడిగే ముందు ఒక పూట ఆ కేంద్రంలో కూర్చుని చూద్దాం.

మనం చేయగలిగినవి

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ! పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ అయిదు పనులు చెయ్యండి.

ఒకటి, మీ ఇంట్లో, మీ అక్క ఇంట్లో ఉన్న చిన్నపిల్లల కార్డు తీసి గీత చూడండి. మామ్మకు, పిన్నికి అర్థమయ్యేలా చెప్పండి.

రెండు, టీకాల వరుస సరిచూడండి. పుట్టగానే, ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు, ఏడాదిన్నర ప్రాంతంలో. ఏది తప్పినా ఏఎన్ఎంకు చెప్పండి.

మూడు, మీ పేటలో ఆరేళ్ళు నిండి బడిలో చేరని పిల్లలు, 5వ తరగతి అయ్యాక ఇంట్లో కూర్చున్న పిల్లలు ఎంతమందో లెక్క తీయండి. 3వ తరగతి నుంచి హాస్టల్లో చేర్చే వీలున్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి దరఖాస్తు గురించి చెప్పండి.

నాలుగు, పద్దెనిమిదేళ్ళు నిండని ఆడపిల్లకు సంబంధం చూస్తుంటే ఊరుకోవద్దు. అదే 2019–21 సర్వేలో మన రాష్ట్రంలో 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకు 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని తేలింది.

అయిదు, సెలవుల తర్వాత మీ గదిలో ఎవరి మంచం ఖాళీగా ఉందో చూడండి. వారం దాటితే వార్డెన్‌గారికి తెలిసింది తెలిసినట్టు చెప్పండి. ఒట్టు వేయించుకున్నా చెప్పండి.

పూర్వ విద్యార్థి మిత్రులారా! ప్రతి ఏటా మనం హాస్టల్‌కు ఫ్యాన్లు, ప్లేట్లు, పుస్తకాలు ఇస్తున్నాం. సంతోషం. ఈ ఏడాది నుంచి ఇంకొకటి కూడా చేద్దాం. ఒక్కొక్కరం ఒక్కొక్క పిల్లవాడి పేరు తీసుకుందాం. 5 నుంచి 6కు, 10 నుంచి ఇంటర్‌కు మారే రోజుల్లో, జూన్ నెలలో, ఒక్క ఫోన్ చేద్దాం. "చేరావా? ఎక్కడ చేరావు?" అని అడుగుదాం. డబ్బు ఖర్చు లేని పని ఇది.

చివరిగా ఒక సంగతి. కిందటేడు ఫీల్డ్ వర్క్‌లో భీమవరం వైపు చెరువుల మీద తిరుగుతుంటే మా మిత్రుడు కలిశాడు. గట్టు మీద పాకలో భార్య, ఏడాదిన్నర కొడుకు. పాత కబుర్లు చాలా చెప్పుకున్నాం. వెళ్ళేటప్పుడు వాడు లోపలికి వెళ్ళి ఒక కార్డు తెచ్చాడు. అత్తారి ఊళ్ళో ఇచ్చిన కార్డు. ఆరో నెల తర్వాత అందులో ఒక్క చుక్కా లేదు. "మీరు చదువుకున్నారు గదా, ఇదేంటో చూసి చెప్పండ్రా" అన్నాడు. లెక్కల్లో మా అందరికన్నా ముందున్నవాడు మమ్మల్ని గ్రాఫు చదివి చెప్పమని అడిగాడు.

మర్నాడు పొద్దున వాళ్ళను వెంటబెట్టుకుని రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి అంగన్‌వాడీకి వెళ్ళాం. అక్కడి టీచరమ్మగారు తల్లి ఆధార్‌తో పేరు మార్చుకున్నారు. బాబును తూకం వేశారు. చుక్క పసుపు పట్టీలో పడింది. వచ్చే నెల మళ్ళీ తీసుకురమ్మన్నారు. వాడు తేదీ అడిగి కార్డు వెనక రాసుకున్నాడు.

మన హాస్టల్ ఇలాంటి వార్షికోత్సవాలు మరెన్నో జరుపుకోవాలని కోరుకుంటూ, సెలవుల తర్వాత అందరూ తిరిగి రావాలని ఆశిస్తూ,

మీ పూర్వ విద్యార్థులం.